పసుపు ఏబీఎస్ లైటు వెలిగింది, బ్రేకులు పడుతున్నాయి: బండి నడపొచ్చా, ఏం మార్పించాలి?

మీరు అడిగింది ఇది: వాన పడిన రోజు నుంచి మీ కారులో పసుపు రంగు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లైటు, దాంతోపాటు బండి జారుతున్న బొమ్మ ఉన్న లైటు వెలుగుతున్నాయి. ఒక్కోసారి వాటంతట అవే ఆరిపోతున్నాయి. బ్రేకులు మామూలుగానే పడుతున్నాయి. ఒక మెకానిక్ సెన్సర్ మార్చాలన్నారు, ఇంకొకరు ఏబీఎస్ యూనిట్ (కంప్యూటర్, పంపు, వాల్వులు కలిసి ఉండే భాగం) మొత్తం పోయిందన్నారు. ఎవరి మాట వినాలి, ఈలోగా బండి తీయొచ్చా అని. నేను ఎక్కువగా బ్రేకుల పనే చేస్తాను. ఈ ప్రశ్న నా దగ్గరికి తరచూ వస్తుంది. జనం దీన్ని రెండు రకాలుగానూ తప్పుగా తీసుకోవడం చూస్తుంటాను. కొందరు బ్రేకులే పోయాయని భయపడి బండి మూలన పెడతారు. మరికొందరు నెలల తరబడి ఆ లైటును చూస్తూనే తిరుగుతారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు చూడాల్సింది రంగు. పసుపు ఏబీఎస్ లైటు మాత్రమే వెలిగి, ఎర్ర బ్రేకు లైటు ఆరి ఉండి, పెడల్ ఎప్పటిలాగే గట్టిగా, ఎప్పటి ఎత్తులోనే ఉంటే, మీ మామూలు బ్రేకులు పనిచేస్తున్నట్టే. జాగ్రత్తగా నడుపుకుంటూ వర్క్‌షాప్ దాకా వెళ్లొచ్చు. పసుపుతో పాటు ఎర్రది కూడా వెలిగితే లెక్క పూర్తిగా మారిపోతుంది. అప్పుడు బండి పక్కకు తీసి ఆపాలి.

ఈ తేడా ఎందుకో అర్థం కావాలంటే ఏబీఎస్ పని తెలియాలి. ప్రతి చక్రం దగ్గరా ఒక స్పీడ్ సెన్సర్ ఉంటుంది. నాలుగు చక్రాలూ ఎంత వేగంతో తిరుగుతున్నాయో ఏబీఎస్ కంప్యూటర్ క్షణక్షణం పోల్చి చూస్తుంటుంది. మీరు బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు ఏదైనా చక్రం మిగతా వాటికన్నా హఠాత్తుగా నెమ్మదించిందంటే, అది బిగుసుకుపోబోతోందని అర్థం. వెంటనే ఆ చక్రానికి వెళ్లే బ్రేకు ఆయిల్ దారిని ఒక వాల్వు మూసేస్తుంది, ఇంకో వాల్వు తెరుచుకుని కాస్త ప్రెషర్ వదిలేస్తుంది, చక్రం మళ్లీ తిరగ్గానే పంపు ఆ ప్రెషర్‌ని తిరిగి ఎక్కిస్తుంది. ఇది సెకనులో అనేకసార్లు జరుగుతుంది. కాలి కింద పెడల్ గడగడలాడేది అందుకే.

ఇందులో అసలు కీలకం ఆ వాల్వుల అమరిక. కరెంటు అందనప్పుడు లోపలికి వెళ్లే వాల్వు తెరిచే ఉంటుంది, ప్రెషర్ వదిలే వాల్వు మూసే ఉంటుంది. అంటే ఏబీఎస్ కంప్యూటర్ తనలో తేడా గమనించి తనంతట తాను పక్కకు తప్పుకుంటే, మీరు పెడల్ మీద వేసిన ప్రెషర్ నేరుగా చక్రాలకు పోతుంది. 1978లో బాష్ చేసిన ఏబీఎస్ మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లోకి వచ్చిన నాటి నుంచీ ఉద్దేశం ఇదే: ఎలక్ట్రానిక్స్ పోయినా మామూలు బ్రేకు మిగలాలి. కాబట్టి పసుపు లైటు చెప్పేది, 'నేను సాయం చేయలేను, మీరే చూసుకోండి' అని.

మరి ఎర్ర లైటు? హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దిగకపోయినా, బ్రేకు ఆయిల్ తగ్గినా ఎర్రది వెలుగుతుంది. అందుకే ముందు హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించి చూడండి. ఆయిల్ డబ్బాలో మట్టం కనిష్ఠ గీతకు పైనే ఉందో లేదో చూడండి. ఈ రెండూ సరిగ్గానే ఉండి పసుపు, ఎరుపు కలిసి వెలుగుతూనే ఉన్నాయంటే, వెనక చక్రాలకు ఎంత బ్రేకు ఇవ్వాలో నిర్ణయించే ఈబీడీ కూడా ఆగిపోయి ఉండొచ్చు. బ్రేకు తొక్కినప్పుడు బండి బరువంతా ముందుకు పోతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. ఈబీడీ లేకపోతే అవి ముందు చక్రాల కన్నా ముందే బిగుసుకుపోవచ్చు, వెనక భాగం పక్కకు తిరిగిపోవచ్చు. ముందు చక్రాలు బిగుసుకుంటే బండి తిన్నగా జారుతుంది, వెనకవి బిగుసుకుంటే గిర్రున తిరుగుతుంది. రెండోది చాలా ప్రమాదం. అలాంటి బండిని నెమ్మదిగా అయినా నడపమని నేను చెప్పను, టోయింగ్ చేయించండి. ఆయిల్ మట్టం తగ్గి ఉన్నా, పెడల్ మెత్తగా లోపలికి పోతున్నా ఇదే సలహా.

పెడల్ గురించి ఇంకో మాట. లైటు ఏ రంగులో ఉన్నా, బండి కదిలించే ముందు ఒకసారి పెడల్‌ని కాలితో పరీక్షించండి. ఇంజిన్ ఆపి నాలుగైదు సార్లు తొక్కితే అది గట్టిపడుతుంది. అలాగే నొక్కిపెట్టి ఇంజిన్ స్టార్ట్ చేస్తే కాస్త కిందికి దిగాలి. దిగితే, వాక్యూమ్ సాయంతో మీ కాలి బలాన్ని పెంచే బ్రేకు బూస్టర్ పనిచేస్తున్నట్టు. దిగకుండా రాయిలా ఉంటే అది వాక్యూమ్ సమస్య. తొక్కిపెట్టిన పెడల్ నెమ్మదిగా నేల వైపు జారుతూనే ఉంటే, పెడల్ తొక్కుడును ఆయిల్ ప్రెషర్‌గా మార్చే మాస్టర్ సిలిండర్‌లోనో, ఎక్కడో లీకులోనో ఉంది తప్పు. స్పాంజిలా ఉంటే పైపుల్లో గాలి చేరింది. ఈ మూడూ మామూలు బ్రేకుల లోపాలు. ఏబీఎస్ లైటు వెలగకపోయినా ఇవి ఉండొచ్చు.

ఇప్పుడు లైటు వెలుగుతుండగా నడపడం గురించి. ఏబీఎస్‌తో ఏళ్ల తరబడి నడిపినవారి కాలికి ఒక అలవాటు పడిపోతుంది: ఎదురుగా ఏదైనా అడ్డం వస్తే బ్రేకు బలంగా తొక్కెయ్, స్టీరింగ్ తిప్పెయ్. ఏబీఎస్ ఉన్నంతకాలం అది సరైన పద్ధతే. లేనప్పుడు అదే పని చేస్తే ముందు చక్రాలు బిగుసుకుంటాయి, బిగుసుకున్న చక్రం ఎటు తిరిగి ఉన్నా బండి తిన్నగానే పోతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినా వినదు. అలా జరిగితే పెడల్ మీద కాలు కొంచెం సడలించాలి, చక్రం తిరగడం మొదలవగానే స్టీరింగ్ మాట వింటుంది, అప్పుడు మళ్లీ తొక్కాలి. నిజం చెప్పాలంటే, కంగారులో ఇది అందరికీ సాధ్యం కాదు. అందుకే ఆ పరిస్థితే రాకుండా నడపడం మేలు. ముందు బండికీ మీకూ మధ్య దూరం ఎప్పటికన్నా రెట్టింపు ఉంచండి. మలుపులోకి వెళ్లకముందే వేగం తగ్గించేయండి. తడి రోడ్డు మీదా, ఇసుకా కంకరా పరుచుకున్న చోటా మరీ నెమ్మదిగా వెళ్లండి. మీ బండిలో జారుడు బొమ్మ లైటు కూడా వెలుగుతోంది కదా, బండి పక్కకు జారకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్, చక్రాలు పట్టు లేకుండా గిర్రున తిరగకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ కూడా అవే సెన్సర్ల మీద ఆధారపడతాయి. ఏబీఎస్ ఆగితే అవీ ఆగుతాయి. రెండు లైట్లు వెలిగాయంటే రెండు లోపాలు ఉన్నాయని కాదు. కొన్ని బండ్లలో స్పీడోమీటర్ ముల్లు పడిపోవడం, క్రూయిజ్ కంట్రోల్, ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా పట్టే హిల్ హోల్డ్ పనిచేయకపోవడం కూడా దీని వల్లే, ఎందుకంటే బండి వేగం లెక్క మిగతా కంప్యూటర్లకు ఏబీఎస్ నుంచే వెళ్తుంది.

వాన పడుతుండగా, రాత్రిపూట, వేగంగా వెళ్లే రహదారి మీద దూర ప్రయాణం పెట్టుకుని ఉంటే, రిపేరు అయ్యాకే వెళ్లండి. ఊళ్లో నెమ్మదిగా వెళ్లి రావడం వేరు.

సరే, ఇక కారణం. వానతో మొదలై, అప్పుడప్పుడు తనంతట తానే ఆరిపోతున్న లైటు అంటే నా అనుమానం ముందుగా చక్రాల దగ్గరి వైరింగ్ మీదికీ, కనెక్టర్ల మీదికీ పోతుంది. ఆ తర్వాతే సెన్సర్. యూనిట్ చాలా చివర. సెన్సర్ ఉండే చోటు ఎలాంటిదో ఆలోచించండి. చక్రం విసిరే బురద, నీళ్లు, రాళ్లు, బ్రేకు డిస్క్ వేడి, ఇవన్నీ దానికే తగులుతాయి. ముందు చక్రాల వైర్లు స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ, గుంతలో దిగిన ప్రతిసారీ వంగుతుంటాయి. పైన రబ్బరు తొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి తీగ తెగి ఉంటుంది. కనెక్టర్‌లో నీరు చేరితే పిన్నుల మీద పచ్చగా చిలుము పడుతుంది. ఎండిన రోజు కాంటాక్టు అందుతుంది, తడిస్తే పోతుంది. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా ఇదే.

సెన్సర్ చదివేది ఒక పళ్ల రింగునో, బేరింగు సీలులో ఉండే అయస్కాంతపు రింగునో. పళ్ల రింగు తుప్పు పట్టి ఉబ్బినా, పగిలినా లెక్క తప్పుతుంది. సెన్సర్ కూర్చునే రంధ్రంలో తుప్పు పేరుకుంటే అది సెన్సర్‌ని పైకి నెట్టేస్తుంది, రింగుకీ దానికీ మధ్య ఖాళీ పెరిగి సిగ్నల్ బలహీనపడుతుంది. చక్రం బేరింగు అరిగి ఊగినా ఇదే జరుగుతుంది. అన్నట్టు, బేరింగు మార్పించిన వెంటనే లైటు వెలిగిందంటే అయస్కాంతపు రింగున్న వైపు బయటికి పెట్టి బిగించి ఉండొచ్చు. ఆ రింగు సెన్సర్ వైపే ఉండాలి, తిరగేసి బిగిస్తే సిగ్నలే రాదు. చూడటానికి రెండు వైపులూ ఒకేలా ఉంటాయి కాబట్టి అనుభవం ఉన్న చేతులు కూడా ఒక్కోసారి పొరబడతాయి.

చక్రాలకు సంబంధం లేని కారణాలూ ఉన్నాయి. బ్యాటరీ బలహీనమై స్టార్ట్ చేసేటప్పుడు వోల్టేజీ బాగా పడిపోతే ఏబీఎస్ సహా నాలుగైదు లైట్లు ఒకేసారి వెలుగుతాయి. నాలుగు టైర్లలో ఒకటి వేరే సైజుదైతే దాని వేగం ఎప్పుడూ తేడాగానే వస్తుంది. జాకీ మీద ఎత్తి రెండు చక్రాలనే తిప్పినా, రెండు చక్రాలు పైకి ఎత్తి ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి టోయింగ్ చేసినా కంప్యూటర్‌కి లెక్క కుదరక లైటు వెలిగించవచ్చు. అది చాలాసార్లు బండి మళ్లీ స్టార్ట్ చేసి కాస్త దూరం నడిపితే పోతుంది. ఫ్యూజు, బ్రేకు లైటు స్విచ్చి కూడా చూడదగ్గవే, ఐదు నిమిషాల పని.

మీ ఇద్దరు మెకానిక్‌ల దగ్గరికి వద్దాం. వాళ్లలో ఎవరైనా ఏబీఎస్ కోడ్, అంటే కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న లోపం నంబరు, స్కానర్‌తో చదివి చూపించారా? మీరు రాసినదాంట్లో కోడ్ ప్రస్తావనే లేదు. ఫోన్‌కి కలిపే చవక స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్‌లు మాత్రమే, అంటే పి అక్షరంతో మొదలయ్యేవే, చదువుతాయి. ఏబీఎస్ కోడ్‌లు సి అక్షరంతో మొదలవుతాయి, వాటిని చదవగలిగిన స్కానర్ కావాలి. సి0035 అంటే ముందు ఎడమ చక్రం సెన్సర్ సర్క్యూట్, సి0040 ముందు కుడి, సి0045 వెనక ఎడమ, సి0050 వెనక కుడి. కొన్ని కంపెనీలు తమ సొంత నంబర్లు వాడతాయి, అర్థం మాత్రం ఇలాంటిదే. ఎడమ, కుడి అంటే డ్రైవరు సీట్లో కూర్చుని ముందుకు చూస్తే ఉండేవి, బండి ఎదుట నిలబడి చూస్తే ఉండేవి కావు.

కోడ్‌లో సర్క్యూట్ అని ఉందన్న సంగతి గమనించండి. సెన్సర్ పోయిందని కోడ్ ఎక్కడా చెప్పడం లేదు. సెన్సర్, దాని కనెక్టర్, అక్కడి నుంచి యూనిట్ దాకా వెళ్లే వైరు, ఇవన్నీ కలిపి ఆ సర్క్యూట్. థర్మామీటర్ జ్వరం ఉందని చెబుతుంది, ఏ జబ్బో చెప్పదు, ఇదీ అంతే. కోడ్ చూసి నేరుగా సెన్సర్ మార్చేస్తే కొన్నిసార్లు అదృష్టం కలిసొస్తుంది, కొన్నిసార్లు కొత్త సెన్సర్ బిగించాక కూడా అదే లైటు వెలుగుతుంది. ఆ తర్వాత యూనిట్ పోయిందంటారు. యూనిట్ మార్చాక కూడా లైటు అలాగే ఉంటుంది, ఎందుకంటే తెగింది తీగ. ఇలాంటి బండ్లు నా దగ్గరికి వచ్చినప్పుడు నిజంగా బాధేస్తుంది. ఆ డబ్బంతా అనవసరంగా పోయినట్టే.

సరైన వరస ఏమిటంటే, స్కానర్‌లో నాలుగు చక్రాల వేగం ఒకే తెర మీద పెట్టి, ఒకరు నడుపుతుండగా ఇంకొకరు చూడాలి. తిన్నటి దారిలో నెమ్మదిగా వెళ్తే నాలుగూ దాదాపు ఒకటే చూపాలి. ఒకటి సున్నా దగ్గర ఆగిపోయినా, మధ్యమధ్య పడిపోతున్నా ఆ చక్రమే. తర్వాత బండి ఆపి, ఆ చక్రం చేత్తో తిప్పుతూ వైరును మెల్లగా కదిలించి చూడాలి. కదిలించినప్పుడే సిగ్నల్ తెగిందంటే తప్పు వైరులోనే. ఒకే ఇరుసు మీది ఎడమ, కుడి సెన్సర్లు ఒకే రకమైతే వాటిని అటూఇటూ మార్చి చూడొచ్చు. కోడ్ కూడా అవతలి చక్రానికి మారితే సెన్సర్ పోయింది, అక్కడే ఉంటే వైరో, రింగో. ఒక హెచ్చరిక: తుప్పుతో పట్టేసిన సెన్సర్‌ని బలవంతంగా లాగితే విరిగిపోతుంది. ముందు తుప్పు వదిలించే స్ప్రే కొట్టి కాసేపు నాననివ్వాలి, మెల్లగా కదుపుతూ తీయాలి.

సొంతంగా మీటర్ పట్టుకుని చూసేవారికి ఒక మాట. పాత రకం రెండు వైర్ల కాయిల్ సెన్సర్లకు రెసిస్టెన్స్ కొలవొచ్చు, బండిని బట్టి సుమారు 800 నుంచి 2000 ఓముల మధ్య వస్తుంది, ఎడమకీ కుడికీ పెద్ద తేడా ఉండకూడదు. కొత్త బండ్లలో వచ్చేవి కరెంటు ఇస్తేనే పనిచేసే యాక్టివ్ సెన్సర్లు. వాటికి ఓమ్ మీటర్ పెడితే ఏమీ తెలియదు, పాడయ్యే అవకాశం కూడా ఉంది. వాటికి చూడాల్సింది యూనిట్ నుంచి సప్లై వోల్టేజీ అందుతోందా లేదా అని. తెర మీద చక్రం వేగం చూడటమే అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి.

యూనిట్ నిజంగా పోవడం లేదని కాదు. పంపు మోటారు, వాల్వుల కోడ్‌లు వచ్చినా, స్కానర్ యూనిట్‌తో అసలు మాట్లాడలేకపోయినా, ఏబీఎస్‌తో సంబంధం తెగిందని చెప్పే యు0121 లాంటి కోడ్ మిగతా కంప్యూటర్లలో కనిపించినా యూనిట్ వైపు చూడాలి. అప్పుడు కూడా ముందు దానికి వచ్చే ఫ్యూజులు, పవరు, ఎర్తు వైరు పరీక్షించాలి. ఎర్తు వదులై యూనిట్ చచ్చినట్టు పడి ఉన్న సందర్భాలు ఉంటాయి. రెండో మెకానిక్‌ని అడగండి: ఏ కోడ్ వచ్చింది, యూనిట్‌కి పవరు, ఎర్తు కొలిచారా, చక్రాల వేగాలు తెర మీద ఎలా కనిపించాయి? జవాబు సూటిగా వస్తే ఆయన మాట వినండి. 'మా అనుభవంలో ఇది యూనిట్టే' అని మాత్రమే అంటే ఇంకో చోట చూపించండి. పాత యూనిట్ కొని బిగిద్దామంటే చాలా బండ్లలో దాన్ని మీ బండికి కోడింగ్ చేయాలి, అంటే స్కానర్‌తో మీ బండికి తగ్గట్టు సెట్ చేయాలి, బిగించాక పైపుల్లోంచీ యూనిట్‌లోంచీ గాలి తీయాలి. లోపలి వాల్వులను స్కానర్‌తో తెరిపించకపోతే కొన్ని యూనిట్లలో గాలి అలాగే చిక్కుకుపోతుంది, పెడల్ మెత్తగానే మిగులుతుంది.

బ్రేకు ఆయిల్ సంగతి కూడా చెప్పాలి. మట్టం తగ్గిందని చూసి పోసేసి వదిలేయకండి. ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం నెమ్మదిగా దిగుతుంది, అది సహజం. అలా కాకుండా వారంలో తగ్గితే ఎక్కడో కారుతోంది. ఏ ఆయిల్ పోయాలో డబ్బా మూత మీదే రాసి ఉంటుంది, డాట్ 3 అనో, డాట్ 4 అనో. డాట్ 5 సిలికాన్ ఆయిల్ ఏబీఎస్ బండ్లకు పోయకూడదు. ఇంజిన్ ఆయిల్ చుక్క పడినా రబ్బరు సీళ్లన్నీ ఉబ్బిపోతాయి. బ్రేకు ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 మరిగే స్థాయి కనీసం 230 డిగ్రీల సెల్సియస్, తేమ పట్టాక దానికి ఉంచిన కనీస హద్దు 155 డిగ్రీలు. తేమ చేరిన ఆయిల్ యూనిట్‌లోని సన్నటి వాల్వుల్లో తుప్పు కూడా పట్టిస్తుంది. అందుకే రెండేళ్లకోసారి మార్పించమని చాలా కంపెనీలు చెబుతాయి. యూనిట్ ఖరీదుతో పోలిస్తే ఆయిల్ ఖర్చు లెక్కలోకే రాదు.

మీకు లేని లక్షణమే అయినా ఇంకొకటి చెప్పి తీరాలి. పొడి రోడ్డు మీద, మామూలుగా బ్రేకు వేస్తూ, ఆగబోయే చివరి రెండు మూడు మీటర్లలో పెడల్ గడగడలాడి బండి ఒక్క క్షణం ముందుకు జారినట్టు అనిపిస్తే, లైటు వెలగకపోయినా వెంటనే చూపించండి. పగిలిన రింగు వల్లనో, తుప్పు నెట్టేసిన సెన్సర్ వల్లనో ఒక చక్రం ఆగిపోయిందని కంప్యూటర్ పొరబడి బ్రేకు వదిలేస్తోంది. ఇది లైటు వెలగడం కన్నా ప్రమాదం, ఎందుకంటే ఇక్కడ ఏబీఎస్ పనిచేస్తూనే తప్పు చేస్తోంది.

లైటు బల్బు తీసేయడం, మీద టేపు అంటించడం, కోడ్ చెరిపేసి పంపేయడం, ఇవి ఎవరైనా చేస్తామంటే ఒప్పుకోకండి. కోడ్ చెరిపితే లోపం ఎప్పుడు, ఏ వేగంలో వచ్చిందన్న వివరం కూడా పోవచ్చు. పాత బండి కొనేటప్పుడు ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఏబీఎస్ లైటు వెలిగి కొద్ది సెకన్లలో ఆరుతోందో లేదో చూడండి. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని దాచి ఉండొచ్చు. స్టార్ట్ చేసి కొంచెం ముందుకు కదలగానే కింద నుంచి చిన్న గుర్రుమన్న చప్పుడు వస్తే కంగారు పడకండి, కొన్ని బండ్లలో పంపు తనను తాను పరీక్షించుకునే చప్పుడు అది.

మీరు ఇప్పుడు చేయాల్సింది: లైటు వెలిగిన ప్రతిసారీ రోడ్డు తడిగా ఉందా, స్టీరింగ్ తిప్పుతున్నప్పుడా, గుంతలో దిగినప్పుడా, ఎంత వేగంలో అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం మెకానిక్‌కి సగం పని తగ్గిస్తుంది. ఏబీఎస్ కోడ్‌లు చదవగలిగిన వర్క్‌షాప్‌కి తీసుకెళ్లి, ముందు కోడ్ చూపించమని, తర్వాత చక్రాల వైర్లు, కనెక్టర్లు విప్పి చూపించమని అడగండి. రిపేరు అయ్యాక కొన్ని బండ్లలో లైటు వెంటనే ఆరదు, కాస్త వేగం అందుకుని నాలుగు సెన్సర్లూ సరిగ్గా చదివాకే ఆరుతుంది. అది ఆరాక, వెనక ఎవరూ లేని ఖాళీ తిన్నటి దారిలో, బెల్టు పెట్టుకుని, గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఒక్కసారి బ్రేకు బలంగా తొక్కి అలాగే పట్టి ఉంచండి. పెడల్ గడగడలాడి, బండి తిన్నగా ఆగితే ఏబీఎస్ తిరిగి పనిలోకి వచ్చింది. ఆ దారి కాస్త తడిగా ఉంటే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.